మల్చింగ్ షీటు మట్టిలో ఎంత మిగులుతుంది, మిగిలింది ఏం చేస్తుంది

కిలో మట్టిలో వెయ్యికి పైగా ప్లాస్టిక్ ముక్కలు దొరికాయని ఒక వార్త వస్తుంది. పొలాల్లో మామూలుగా ఉండే మోతాదుకు దిగుబడి తగ్గిన దాఖలాలు లేవని ఇంకో వార్త వస్తుంది. రెండూ చదివినవారికి ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారనిపించడం సహజం. కానీ రెండూ నిజమే కావచ్చు. ఒకరు ముక్కలు లెక్కపెట్టారు, ఇంకొకరు కిలోలు తూచారు. ఈ విషయంలో సగం గందరగోళం కొలమానాల దగ్గరే పుడుతుంది. అందుకని ముందు మల్చింగ్ షీటు, అంటే మొక్కల చుట్టూ నేల మీద పరిచే పలచటి ప్లాస్టిక్ పొర, దగ్గర మొదలుపెట్టి, ఆ తర్వాత మట్టిలోకి దిగుదాం.

ఏ ప్లాస్టిక్ గురించి మాట్లాడుతున్నాం

సేద్యంలో ప్లాస్టిక్ చాలా రూపాల్లో ఉంటుంది: పాలీహౌస్ పైకప్పు, డ్రిప్ పైపులు, నారు ట్రేలు, ఎరువుల సంచులు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2021 నివేదిక ప్రకారం పంటలు, పశువుల పెంపకం కలిపి ప్రపంచం ఏడాదికి వాడే ప్లాస్టిక్ వస్తువుల బరువు దాదాపు 1.25 కోట్ల టన్నులు. వీటిలో మట్టికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది మల్చింగ్ షీటు. పాలీహౌస్ కవరు చిరిగితే దించి మార్చవచ్చు. మల్చింగ్ షీటు మాత్రం పంట కాలమంతా మట్టిని అంటుకునే ఉంటుంది, దాని అంచులైతే మట్టిలోనే ఉంటాయి.

ఈ షీట్లలో ఎక్కువ భాగం పాలిథిన్. మందం మైక్రాన్లలో చెబుతారు. వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు. ఐరోపాలో 20 నుంచి 25 మైక్రాన్ల షీట్లు మామూలు. చైనాలో చాలాకాలం 8 మైక్రాన్లు, అంతకన్నా పలచనివీ వాడారు. 2017లో సవరించిన ప్రమాణం కనీస మందాన్ని 10 మైక్రాన్లకు పెంచింది.

షీటు ఎందుకు పరుస్తారన్నదీ మరవకూడదు. మట్టిలో తేమ ఆవిరైపోదు, కలుపు మొలవదు, చలి ప్రాంతాల్లో నేల త్వరగా వెచ్చబడుతుంది. అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి చూసిన 2019 నాటి ఒక విశ్లేషణలో షీటు వల్ల దిగుబడి సగటున 24 శాతం, నీటి వినియోగ సామర్థ్యం 27 శాతం పెరిగినట్లు తేలింది. ఇంత లాభమున్న వస్తువును "ఆపేయండి" అన్నంత మాత్రాన ఎవరూ ఆపరు.

5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కను మైక్రోప్లాస్టిక్ అంటారు. ఒక మైక్రాన్ కన్నా చిన్నదైతే నానోప్లాస్టిక్. అరచేయంత ముక్క ఈ లెక్కలోకి రాదు గానీ, రేపటి మైక్రోప్లాస్టిక్‌కు ముడిసరుకు అదే.

చెక్కుచెదరని షీటు పొడిపొడి ఎలా అవుతుంది

పాలిథిన్ అంటే పొడవాటి కర్బన గొలుసుల ముద్ద. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఆ గొలుసులను తెగ్గొడతాయి. గొలుసులు పొట్టివయ్యేకొద్దీ షీటుకు సాగే గుణం పోయి పెళుసుదనం వస్తుంది. దీన్ని ఆలస్యం చేయడానికే నల్ల షీటులో మసి కలుపుతారు, మిగతావాటిలో ఎండను తట్టుకునే స్థిరకాలు కలుపుతారు. గంధకం, క్లోరిన్ ఉన్న పురుగుమందులు ఈ స్థిరకాల్లో కొన్నిటిని నిర్వీర్యం చేస్తాయి. ఒకే రోల్‌లోని షీటు ఒక పొలంలో గట్టిగా, పక్క పొలంలో పెళుసుగా మారడానికి ఇదొక కారణం.

షీటు అన్ని చోట్లా ఒకేలా పాడవదు. 120 సెంటీమీటర్ల వెడల్పున్న షీటును బెడ్డు మీద పరిచి, రెండు వైపులా 15 సెంటీమీటర్ల చొప్పున మట్టి కప్పారనుకుందాం. అంటే షీటులో నాలుగో వంతు నేల కిందే ఉంది. అక్కడ ఎండ తగలదు కాబట్టి గట్టిగానే ఉంటుంది. పైన పరుచుకున్న భాగం పెళుసవుతుంది. పంట అయ్యాక పట్టి లాగితే, ఎండ ఆగి మట్టి మొదలయ్యే ఆ గీత దగ్గరే చిరుగుతుంది. పైది చేతికొస్తుంది, అంచులు మట్టిలోనే ఉండిపోతాయి. తర్వాత రోటావేటర్ తిరిగితే ఆ పట్టీలు అంగుళం ముక్కలవుతాయి. ఏటా దుక్కిలో కొన్ని ముక్కలు పైకొచ్చి ఎండకు పెళుసై, మళ్లీ కిందికెళ్లి, బ్లేడు కింద ఇంకా చిన్నవవుతాయి.

షీటు మొత్తం శుభ్రంగా లాగేసినా ఎంతో కొంత మిగులుతుంది. మొక్క కోసం 5 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రాలు కొట్టినప్పుడు ఊడిపడే బిళ్లలనే చూడండి. హెక్టారుకు 25,000 రంధ్రాలంటే దాదాపు 49 చదరపు మీటర్ల షీటు. 25 మైక్రాన్ల మందానికి అది కిలో పైచిలుకు. వేడి గొట్టంతో కరిగించి రంధ్రం చేస్తే ఈ బిళ్ల ఉండదు, కత్తితో అడ్డంగా నిలువుగా గాటు పెట్టినా ఉండదు. కిలో చిన్న విషయమే. అయినా ఎవరూ లెక్కలోకి తీసుకోని కిలో అది.

ఈ ముక్కల్ని మట్టిలోని సూక్ష్మజీవులు తినేయవా? ఆచరణలో లేదనే చెప్పాలి. గుర్తుపట్టగల కర్బనంతో తయారుచేసిన పాలిథిన్‌ను మట్టిలో ఉంచి స్వీడన్‌లో చేసిన దీర్ఘకాల ప్రయోగంలో, పదేళ్లకు అందులో అర శాతం కూడా కార్బన్ డయాక్సైడ్‌గా మారలేదు. ముక్క చిన్నదవడం వేరు, కరిగి మాయమవడం వేరు. కంటికి కనబడడం మానేసిన ప్లాస్టిక్ చాలావరకు అక్కడే ఉంటుంది.

పలచటి షీటు చేసే విచిత్రం

పాలిథిన్ సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 0.92 గ్రాములు. దీన్నిబట్టి 25 మైక్రాన్ల షీటు చదరపు మీటరుకు 23 గ్రాములు తూగుతుంది, 8 మైక్రాన్లది 7.4 గ్రాములు. హెక్టారంతా పరిస్తే మొదటిది 230 కిలోలు, రెండోది 74 కిలోలు. పలచటిది వాడితే ప్లాస్టిక్ మూడో వంతుకు తగ్గినట్టే కదా?

తీసేటప్పుడు ఏమవుతుందో చూద్దాం. మందపు షీటు తీశాక 5 శాతం పొలంలో మిగిలిందనుకుందాం: 11.5 కిలోలు. పలచటిది చేతిలోనే పీలికలై 40 శాతం మిగిలిందనుకుందాం: దాదాపు 30 కిలోలు. శాతాలు ఉదాహరణకు తీసుకున్నవే. కానీ లెక్క నడిచే తీరు ఇదే: వాడింది మూడో వంతు, మట్టిలో వదిలింది రెండున్నర రెట్లు. నిబంధనలు షీటు బరువు తగ్గించమనకుండా మందం పెంచమనడానికి కారణం ఇక్కడుంది. అమ్మేవారికీ కొనేవారికీ మాత్రం పలచటిదే చవక, ఆ తేడా కొన్న రోజే కనిపిస్తుంది. మట్టిలో మిగిలినదాని ఖర్చు ఏ రసీదులోనూ ఉండదు.

సేకరించిన షీటు కథ అంతటితో అయిపోదు. పొలం నుంచి వచ్చే షీటు బరువులో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, దానికి అంటిన మట్టీ తేమే. పలచటి షీటుకు బరువు తక్కువ, ఉపరితలం ఎక్కువ కాబట్టి మట్టి నిష్పత్తి ఇంకా పెరుగుతుంది. రీసైక్లింగ్ యంత్రానికి ఇసుక శత్రువు. కడగడానికి నీళ్లు, రవాణాకు డబ్బు కావాలి. అందుకే కొనేవాడు లేక గట్ల మీద కుప్పలు పడడం, కాలిపోవడం చాలా దేశాల్లో కనిపించే దృశ్యం.

వెయ్యి ముక్కలంటే ఎన్ని కిలోలు

చైనాలో షిన్‌జియాంగ్ ప్రాంతపు షిహెజి పత్తి పొలాల్లో చేసిన పరిశోధన 2020లో వెలువడింది. వరుసగా 5 ఏళ్లు షీటు వాడిన పొలంలో కిలో మట్టికి సగటున 80 ముక్కలు, 15 ఏళ్ల పొలంలో 308, 24 ఏళ్ల పొలంలో దాదాపు 1,076 దొరికాయి. ఏళ్లు గడిచేకొద్దీ పేరుకుంటుందని చెప్పడానికి ఇది మంచి సాక్ష్యం. ఇందులో ఇంకో విశేషం ఉంది. ఏళ్లు ఐదు రెట్లు పెరిగితే ముక్కలు పదమూడు రెట్లు పెరిగాయి. కొత్తగా చేరేవే కాక, పాతవి విరిగి రెట్టింపవడం కూడా ఇలాంటి పెరుగుదలకు కారణమవుతుంది. ఒక ముక్క నాలుగైతే లెక్క నాలుగింతలు పెరుగుతుంది, ప్లాస్టిక్ మాత్రం మిల్లీగ్రాము కూడా పెరగదు.

సంఖ్యను బరువులోకి మార్చి చూద్దాం. హెక్టారు నేలలో పై 20 సెంటీమీటర్ల మట్టి సుమారు 2,600 టన్నులు. కిలోకు వెయ్యి ముక్కలంటే హెక్టారుకు 260 కోట్ల ముక్కలు. ఒక్కోటి 8 మైక్రాన్ల షీటు నుంచి వచ్చిన మిల్లీమీటరు చదరమైతే అన్నీ కలిపి 19 కిలోలు. మూడు మిల్లీమీటర్ల చదరాలైతే 172 కిలోలు. మిల్లీమీటరులో పదో వంతు చదరాలైతే 190 గ్రాములు! ఒకే సంఖ్య వెనక 190 గ్రాములూ ఉండొచ్చు, 172 కిలోలూ ఉండొచ్చు. ముక్కల సైజు చెప్పని సంఖ్యకు అర్థం లేదు.

పరీక్ష పద్ధతి వల్ల కూడా సంఖ్య మారిపోతుంది. మామూలుగా మట్టిని ఉప్పునీటి వంటి బరువైన ద్రావణంలో కలిపితే తేలికైన ప్లాస్టిక్ పైకి తేలుతుంది. ఆకుల, వేళ్ల చెత్తను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కరిగిస్తారు. మిగిలినదాన్ని పరారుణ కాంతితో పరీక్షిస్తే ఏ ప్లాస్టిక్కో తెలుస్తుంది, కానీ పది ఇరవై మైక్రాన్ల కన్నా చిన్నవి ఆ కంటికి చిక్కవు. లేజర్ కాంతి చెదిరే తీరును చూసే రామన్ పద్ధతికి ఒక మైక్రాన్ వరకు కనిపిస్తుంది. చిక్కేమిటంటే మల్చింగ్ షీటులోని నల్ల మసి రెండు పద్ధతుల్నీ ఇబ్బంది పెడుతుంది. గాలి తగలకుండా బాగా వేడిచేసి, వచ్చే వాయువుల్ని కొలిచే పద్ధతి నేరుగా బరువు చెబుతుంది గానీ, మట్టిలోని సహజ కొవ్వు పదార్థాలు కూడా పాలిథిన్‌లాంటి వాయువులే ఇస్తాయి. వేర్వేరు ప్రయోగశాలల సంఖ్యల్ని పక్కపక్కన పెట్టి ఈ నేల కన్నా ఆ నేల మేలు అనడం అందుకే ప్రమాదకరం.

మట్టిలో చేరాక ఏం జరుగుతుంది

పెద్ద ముక్కల ప్రభావంపై పెద్దగా వాదం లేదు. అవి నీరు దిగే దారికి అడ్డుపడతాయి, వేరు పక్కకు తిరగాల్సి వస్తుంది, విత్తనం ముక్క మీద పడితే మొలక ఎండిపోతుంది. పైన చెప్పిన 2019 విశ్లేషణే, మట్టిలో మిగిలిన షీటు హెక్టారుకు 240 కిలోలు దాటితే దిగుబడి స్పష్టంగా తగ్గుతుందని కూడా చెప్పింది.

చిన్న ముక్కల విషయంలో మాత్రం జాగ్రత్తగా చదవాలి. 2019లోనే వచ్చిన మరో ప్రయోగంలో, షీటు ముక్కలు కలిపిన బంకమట్టిలో నీరు ఇంకా త్వరగా ఆవిరైంది, ఎండినప్పుడు పగుళ్లు పెరిగాయి. ముక్కల వెంబడి ఏర్పడిన సన్నటి ఖాళీలు తేమకు దారులయ్యాయి. తేమ పోకుండా ఆపడానికి పరిచిన వస్తువే చీలికలై మట్టిలోకి చేరాక తేమను బయటికి పంపడం ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద వింత.

వానపాముల మీద 2016లో వచ్చిన ప్రయోగాన్ని అందరూ ఉదహరిస్తారు. ఆకుచెత్తలో 150 మైక్రాన్ల కన్నా చిన్న పాలిథిన్ కలిపి పెడితే వానపాముల ఎదుగుదల తగ్గింది, మరణాలు పెరిగాయి. అయితే హాని కనిపించిన ఆ చెత్తలో ప్లాస్టిక్ 28 శాతం, అంతకు మించి. 7 శాతం దగ్గర అలాంటి నష్టం తేలలేదు. వానపాములు ఈ ముక్కల్ని తమ బొరియల ద్వారా లోతుకు మోసుకెళ్తాయన్నది కూడా తేలింది. పై 20 సెంటీమీటర్ల లెక్కతో ఆగిపోకూడదన్నమాట.

మొక్కలోకి వెళ్తుందా? 2020లో గోధుమ, లెట్యూస్ మొక్కలపై చేసిన ప్రయోగంలో 0.2, 2 మైక్రాన్ల పాలిస్టైరీన్ గుళికలు వేళ్లలోకి చేరాయి. పక్కవేరు చీల్చుకుని బయటికొచ్చే చోట ఏర్పడే పగులే వాటికి దారి. ఇందులో మూడు తేడాలు గమనించాలి. అవి పాలిథిన్ కావు, గుండ్రటి గుళికలు. షీటు ముక్కలు పలకల్లా ఉంటాయి. 2 మైక్రాన్లంటే 8 మైక్రాన్ల షీటు మందంలో నాలుగో వంతు, అంత చిన్నవి పొలంలో ఎన్ని తయారవుతున్నాయో కొలిచే సాధనాలు ఇంకా బలహీనం. ఈ ప్రయోగం దారి ఉందని నిరూపించింది. ఆ దారిన షీటు ముక్కలు ఎన్ని నడుస్తున్నాయన్నది వేరే ప్రశ్న.

షీటుతో పాటు వచ్చే రసాయనాల మాటకొస్తే, థాలేట్ల పేరు ఎక్కువగా వినిపిస్తుంది. ఇవి ప్లాస్టిక్‌ను మెత్తబరిచేవి, పీవీసీ అనే మరో ప్లాస్టిక్‌లో దండిగా వాడతారు. పాలిథిన్ సహజంగానే మెత్తన కాబట్టి దానికి వీటి అవసరం లేదు. "ప్లాస్టిక్ షీటు" అని ఒకే మాటతో రెండింటినీ కలిపేస్తే చర్చ దారి తప్పుతుంది.

ప్రయోగశాల మోతాదు, పొలం మోతాదు

వాదం ముదిరేది ఇక్కడే. చైనా ప్రమాణం ప్రకారం సాగునేలలో మిగిలిన షీటు హెక్టారుకు 75 కిలోలు మించకూడదు. 2,600 టన్నుల మట్టిలో 75 కిలోలంటే కిలోకు 29 మిల్లీగ్రాములు. ప్రయోగశాలల్లో తరచూ కలిపే మోతాదు 1 శాతం, అంటే కిలోకు 10 గ్రాములు. పరిమితికి దాదాపు 350 రెట్లు. అంత ప్లాస్టిక్ పొలంలో చేరాలంటే 25 మైక్రాన్ల షీటు హెక్టారంతా పరిచి, ఒక్క ముక్కా తీయకుండా 113 పంటలు దున్నేయాలి.

భయం అతిగా ఉందనేవారి వాదనకు ఈ లెక్కే బలం, అది బలమైన లెక్కే. రెండోవైపు వాదనలోనూ పస ఉంది. ప్లాస్టిక్ మట్టిలో సమంగా పరుచుకోదు, బెడ్డు అంచుల వెంట పేరుకుంటుంది, కాబట్టి సగటు తక్కువున్నా వేరు చుట్టూ ఎక్కువ ఉండొచ్చు. కొన్ని వారాల కుండీ ప్రయోగం ముప్పై ఏళ్ల పొలానికి జవాబు చెప్పలేదు. పైగా ఎరువు ఎక్కువైతే తర్వాతి పంటకు తగ్గించవచ్చు, ఇక్కడ ఆ వీలు లేదు. మొత్తం మీద చూస్తే, నేటి నష్టం గురించిన ఆధారాల కన్నా పేరుకుపోవడం గురించిన ఆధారాలే గట్టివి.

షీటు ఒక్కటే కారణం కాదన్నది కూడా చెప్పాలి. మురుగు శుద్ధి కేంద్రాల బురద ఎరువుగా వేసే చోట బట్టల పోగులు, ఇతర ముక్కలు పొలానికి చేరతాయి. ఐరోపా పొలాలకు ఈ దారిన ఏటా 63 వేల నుంచి 4.3 లక్షల టన్నులు చేరవచ్చని 2016లో అంచనా వేశారు. రెండు చివరల మధ్య ఏడు రెట్ల తేడా ఉందంటే, మన లెక్కలు ఎంత ముతకవో తెలుస్తుంది. టైర్ల పొడి, పాలిమర్ పూత పూసిన ఎరువుల గుళికలు కూడా ఈ పద్దులోకే వస్తాయి.

మట్టిలో కలిసిపోయే షీటు: మూడు పేర్లు, మూడు అర్థాలు

మార్కెట్లో "డిగ్రేడబుల్" అన్న మాట రకరకాల సరుకు మీద కనిపిస్తుంది. ఆక్సో డిగ్రేడబుల్ అంటే పాలిథిన్‌లో లోహ లవణాలు కలిపినది. త్వరగా విరుగుతుంది, అంతే. విరిగినవి మైక్రోప్లాస్టిక్‌లే. ఐరోపా సమాఖ్య 2019 ఆదేశంతో దీని అమ్మకాన్ని నిషేధించింది. కంపోస్టబుల్ అంటే కంపోస్టు కేంద్రంలోని 58 డిగ్రీల వేడిలో కుళ్లేది. చల్లటి పొలంలో అదే వేగం ఆశించలేం. మట్టిలో జీవవిచ్ఛిన్నమయ్యే షీటు మూడోది. పిండిపదార్థం, సూక్ష్మజీవులు తినగల పీబీఏటీ, పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌ల వంటి వాటి మిశ్రమాలతో చేస్తారు. 2018 నాటి ఐరోపా ప్రమాణం ఈఎన్ 17033 ప్రకారం, 25 డిగ్రీల దగ్గర ఉంచిన మట్టిలో రెండేళ్లలో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. దీన్ని తీయనక్కర్లేదు, దున్నేయడమే.

ప్రమాణంలోని ఆ 25 డిగ్రీలు ముఖ్యం. చలి నేలలో, ఎండు నేలలో సూక్ష్మజీవులు మందగిస్తాయి, గడువు పొడుగవుతుంది. ఏటా షీటు పరిస్తే పాతది పోకముందే కొత్తది చేరుతుంది. ఉదాహరణకు ఏటా హెక్టారుకు 120 కిలోల షీటు దున్నేస్తున్నాం, నేలలో ఉన్నదాంట్లో ఏడాదికి సగం పోతుంది అనుకుందాం. మొదటి ఏడాది చివర 60 కిలోలు, రెండో ఏడాది 90, మూడో ఏడాది 105. అలా పెరిగి 120 దగ్గర ఆగిపోతుంది. అదే 120 కిలోల పాలిథిన్ వాడి, ప్రతిసారీ 90 శాతం తీసేస్తే ఏటా 12 కిలోలు మిగులుతాయి. పదేళ్లకు 120, ఇరవై ఏళ్లకు 240.

అంటే మొదటి పదేళ్లు జీవవిచ్ఛిన్న షీటు పొలంలోనే ఎక్కువ ప్లాస్టిక్ ఉంటుంది! దాన్ని వ్యతిరేకించేవారు ఆ పదేళ్లనూ, సమర్థించేవారు ఆ తర్వాతి కాలాన్నీ చూపిస్తారు. షీటు వాడకం మానేసిన రోజు నుంచి మొదటి పొలంలో 120, 60, 30 అంటూ తగ్గుతుంది. రెండో పొలంలో 240 కిలోలు 240గానే ఉంటాయి, ముక్కలు మాత్రం చిన్నవవుతూ పోతాయి. ఈ లెక్కంతా "ఏడాదికి సగం", "90 శాతం తీయగలం" అన్న రెండు ఊహల మీద నిలబడింది. 90కి బదులు 97 శాతం తీయగలిగితే పాలిథిన్ పొలం 120కి చేరడానికి 33 ఏళ్లు పడుతుంది. 70 శాతమే తీస్తే నాలుగేళ్లలోపే దాటిపోతుంది.

చేరిపోయినదాన్ని వెనక్కి తీయడం

పాత ముక్కల్ని ఏరడానికి పళ్ల గుంటకలు, సేకరణ యంత్రాలు ఉన్నాయి. పత్తి పొలాల్లో చైనా వీటిని విస్తృతంగా వాడుతోంది. యంత్రానికి చిక్కేది దాని పళ్ల సందుల్లోంచి జారిపోనంత పెద్ద ముక్కే. లోతు పెంచితే మట్టి, రాళ్లు, మోళ్లు కూడా వస్తాయి, డీజిల్ ఖర్చు పెరుగుతుంది, అప్పటికే పెళుసైన ముక్కలు పళ్లకు తగిలి ఇంకా విరుగుతాయి. ఐదు మిల్లీమీటర్ల కన్నా చిన్నవాటికి మిగిలేది జల్లెడ పట్టడమే. పైన చెప్పిన 75 కిలోల పరిమితి అంచున ఉన్న పొలంలో, కిలోకు 29 మిల్లీగ్రాముల చొప్పున, వంద కిలోల మట్టి జల్లెడ పడితే దొరికేది మూడు గ్రాముల కన్నా తక్కువ. హెక్టారుకు అలాంటి వంద కిలోలు 26,000 ఉంటాయి.